దోనె లేచిందా?

కిరండూల్‌లో తొలివాన పడితే, ఇనుపరాయి గనుల ఊరు కదా, మా వీధి వాలు మీద ఎర్రనీళ్లు పారతాయి. ఇళ్లలో అందరూ కిటికీలు మూసుకుని బజ్జీలకు నూనె పెట్టుకునే వేళ, నేను చెప్పులైనా వేసుకోకుండా గేటు దాకా పోయి ఆ నీళ్లలో వేళ్లు ముంచి వాసన చూస్తాను. ఈ ఏడూ అదే పని చేశాను. మా మనవరాలు వసారాలో నిలబడి పకపకా నవ్వింది.

"అమ్మమ్మా, మళ్లీ మొదలెట్టావా? అవి రోడ్డు మీది నీళ్లే!"

"తెలుసులేవే" అన్నాను. నిజంగానే తెలుసు. ఈ నీళ్లు పోయి కాలువలో కలుస్తాయి, ఎవరినీ ఏమీ చేయవు. అయినా పచ్చిమట్టీ మురిగిన ఆకూ కలిసిన ఆ వాసన తగిలితే చాలు, చిన్నప్పటి ఒక ప్రశ్న గొంతు దాకా వస్తుంది. దోనె లేచిందా? ఈ ఊళ్లో ఆ మాట ఎవరిని అడగను? అడిగితే ముసలిదానికి మతి పోయిందంటారు.

మా ఊరు ఎర్రబోరు అనే ఊరి దగ్గర సడక్ దిగి, అడవిలో ఎండెక్కే దాకా నడిస్తే వచ్చేది. ఊరికి తూర్పున ఏరు. దానికి శబరి అనే పేరుందని బళ్లో చేరాకే నాకు తెలిసింది. అటొడ్డు వేరే రాష్ట్రమని కూడా అప్పుడే తెలిసింది. మాకు ఇది ఏరు, అది అటొడ్డు, అంతే. ఎక్కడో పై కొండల్లో పుట్టి, బండల మీంచి దూకి దూకి వచ్చి, మా ఊరి ముందు ఒక పెద్ద మడుగులో కాస్త నెమ్మదించి, మళ్లీ బండల్లో పడి అరుచుకుంటూ పోయేది. వానాకాలం ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే గొంతు చించుకోవాలి. మా ఊరివాళ్లు ఇప్పటికీ ఫోన్లో అరిచే మాట్లాడతారు. నాకు ఫోనొచ్చిందంటే మా అల్లుడు లేచి పెరట్లోకి పోతాడు.

ఎండాకాలం ఆ ఏరు తీరే వేరు. మడుగు దిగువన బండలు బయటపడేవి. చీరలు ఎగ్గట్టుకుని బండ మీంచి బండ మీదికి దాటుకుంటూ అటొడ్డు వాళ్ల ఇళ్లకు పోయేవాళ్లం. ఊరి వెనక వాగు కూడా ఎండి ఉండేది. వానలు మొదలైతే మాత్రం వెనక వాగూ ముందు ఏరూ పొంగి, మధ్యలో మేము చిక్కుకునేవాళ్లం. అప్పుడు మాకున్న ఒకే దారి దోనె.

ఒకే మద్దిమాను తొలిచి చేసిన దోనె అది. దానికి నీళ్లంటే భయం లేదు, ఎండంటేనే భయం. ఒడ్డున వదిలేస్తే రోహిణి ఎండలకు కట్టె చీలిపోతుంది. అందుకని ఏరు తగ్గి కాలినడకన దాటే రోజులు రాగానే, దాని నిండా రాళ్లు నింపి మడుగులో ముంచేసేవాళ్లు. ఎండాకాలమంతా అది నీళ్ల అడుగున చల్లగా పడి ఉండేది. తొలకరికి ముందు ఎవరైనా మునిగి, రాళ్లు తీసేసి, దాన్ని పైకి లేపాలి. పై కొండల్లో వాన పడి ఇక్కడికి కొత్తనీరు దూకేలోపే లేపాలి. ఆలస్యమైతే కొత్తనీరు దాన్ని బండలకేసి కొడుతుంది, లేకపోతే ఇసుకలో పూడ్చేస్తుంది. ఇంకో మాను వెతికి, కొట్టి, తొలిచేసరికి వానాకాలమే గడిచిపోతుంది.

మా నాయనమ్మ, అంటే నాయన తల్లి, దోనెను ముంచామని అననిచ్చేది కాదు. "పండుకున్నది" అనాలి. పడుకున్నదాన్ని పేరు పెట్టి పిలవకూడదని ఆమె పట్టుదల. పిల్లలం ఊరుకుంటామా? మడుగులోకి చొచ్చుకొచ్చిన గేదెబండ మీద బోర్లా పడుకుని, నీళ్లకు నోరు ఆనించి "దోనే!" అని పిలిచి, అది లేచి వెంటపడుతుందేమోనని వెనక్కి చూడకుండా పరిగెత్తేవాళ్లం. ఒకసారి నేను నాయనమ్మకు దొరికిపోయాను. ఆమె కొట్టలేదు. "మీ అమ్మ మీదికి తెస్తవా?" అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ మాట వెనక మా చెల్లెలు ఉంది. నా తర్వాత పుట్టాల్సిన చెల్లెలు. ఆ ఏడు మా వాళ్లు ఏవో పనుల్లో పడి దోనెను ముంచకుండా ఒడ్డునే వదిలేశారు. ఎండకు దాని అడుగు చీలింది. అమ్మకు నొప్పులు వచ్చేనాటికి ఏరు నిండుగా పోతోంది. కాన్పులు చేసే అవ్వ ఉండేది అటొడ్డున. ఆమె దోర్ల తెగ ముసలమ్మ. రెండొడ్ల ఆడవాళ్లూ ఆమె చేతి మీదే కనేవాళ్లు. ఆ రోజు ఆమె అటొడ్డున నిలబడి చేతులతో ఏవేవో చెప్పిందట, ఇటున్న వాళ్లకు అర్థం కాలేదట. బిడ్డ అడ్డం తిరిగింది. అమ్మ దక్కింది, బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి మా ఇంట్లో తొలివానకు ఎవరూ సంతోషపడలేదు.

నేను చెప్పే ఏడు అమ్మకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. ఇంకో నెల ఉందని అందరి లెక్క. నాయన కూలికని ఈ కిరండూల్‌కే వచ్చాడు. వచ్చేటప్పుడు "రోహిణి దాటకుండా వచ్చి లేపుతా" అని చెప్పి వచ్చాడు. దోనెను ముంచింది ఆయనే. ఆ రోజు చిన్నాయన అత్తగారి ఊళ్లో పెళ్లికి పోయాడు, నాయన పక్కన నేనే ఉన్నాను. తాడు కట్టి ఉంచితే, వెదురు తెప్పలు దింపుకుంటూ వచ్చేవాళ్లు లాక్కుపోతారని మా వాళ్లు ఆ చోటికి కంటిగుర్తే పెట్టుకునేవాళ్లు. నాయన నన్ను గేదెబండ కొసన నిలబెట్టాడు.

"అటొడ్డున ఎండిన మద్ది కనపడుతున్నదా? ఈడ నుంచి ఆ మద్దికి తాడు గుంజినట్టు అనుకో. ఆ తాడు కింద, నీళ్లు నల్లబడే కాడ పండుకున్నది. యాది పెట్టుకో బిడ్డా. నేను రాకపోతే నువ్వే చూపియ్యాలె."

నేను రాకపోతే అన్న ముక్క నాకు నచ్చలేదు. ఆ ఎండాకాలమంతా అది చెవిలో జోరీగలా తిరిగింది.

రోహిణి వచ్చింది. నాయన రాలేదు. ఇంటి నిండా గంపల్లో పోసిన ఇప్పపువ్వు వాసన, చింతపండు పులుపు వాసన, ఎండుచేపల పొగ. ఇప్పపువ్వును వేయించి నువ్వులతో దంచిన ముద్దలు నాయనమ్మ ఉట్టి మీద దాచేది. నేను రోలెక్కి ఒకటి లాగి నోట్లో కుక్కుకునేదాన్ని. వేరే రోజులైతే వీపు పగిలేది. ఆ రోజుల్లో నాయనమ్మ చూసి కూడా చూడనట్టు ఉండేది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రోజూ తెల్లారగానే ఆమె ఏటి దగ్గరికి పోయి, వేళ్లు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకునేది. "పాతనీరే" అనేది. నేనూ వెంటపడి వాసన చూసి, ఏమీ తెలియకపోయినా తల ఊపేదాన్ని. సాయంత్రాలు ఎగువ కొండల వైపు ఉరుము గునిసేది. అమ్మ పాత చీరలు ఉతికి, మడిచి, మళ్లీ విప్పి మడిచేది.

"మనమే లేపుదాం రా మరిదీ" అని ఒకసారి చిన్నాయనను అడిగింది.

"ముంచినోడు రానీ వదినా. నేను లేపితే మా అన్న నెల రోజులు అలుగుతడు" అని అతను నవ్వేశాడు. చిన్నాయనకు అన్నీ తమాషాయే. అందుకే నాకు అతనంటే ఇష్టం, ఆ రోజుల్లో మాత్రం ఒళ్లు మండేది.

ఒకరోజు పొద్దున నాయనమ్మ ఏటి నుంచి గబగబా వచ్చింది. ఆకాశంలో మబ్బుతునక లేదు. తడి వేళ్లు తెచ్చి చిన్నాయన ముక్కుకు ఆనించింది.

"సూడు. పైన పడ్డది."

"నీ పొగాకు వాసన తప్ప ఏం లేదమ్మా" అన్నాడు చిన్నాయన, అంబలి తాగుతూ.

అప్పుడు అమ్మ వాకిట్లోకి చెయ్యి చూపించింది. ఎండ్రకాయలు. పెద్దవీ చిన్నవీ ఏటిగట్టు ఎక్కి, మా వాకిలి దాటి, పొయ్యి పక్కనుంచి మెరక వైపు పోతున్నాయి. చిన్నాయన గిన్నె కింద పెట్టేసి లేచాడు.

నేను గేదెబండ ఎక్కాను. కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడి, నాయన చెప్పినట్టే అటొడ్డు చూశాను. మద్ది లేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. పొదలున్నాయి, పచ్చటి చెట్లున్నాయి, ఎండిన చెట్టు మాత్రం ఎక్కడా లేదు.

"ఏందే, యాడ?" చిన్నాయన రొమ్ము లోతు నీళ్లలోంచి అరిచాడు.

"చెట్టు లేదు చిన్నాయనా!"

"చెట్టు యాడికి పోతదే? మంచిగ సూడు!"

మంచిగా చూడటానికి ఏమీ లేదు. నేను అటోసారి ఇటోసారి చెయ్యి చూపించాను. అతను మునిగాడు, ఒట్టిచేతులతో తేలాడు. మళ్లీ మునిగాడు. మడుగు పొడుగాటిది. ఎండలకు నీళ్లు పాచిపట్టి అడుగు కనపడటం లేదు. ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గట్టున నిలబడ్డారు. మగవాళ్లు సగంమంది కూలికి పోయారు, మిగతావాళ్లు అడవిలో ఉన్నారు.

"నీకు యాది లేదు పో" అన్నాడు చిన్నాయన రొప్పుతూ. అతను నాతో కోపంగా మాట్లాడటం అదే మొదటిసారి.

"యాది ఉంది! చెట్టే లేదు!" అని నేను ఏడ్చేశాను.

అమ్మ నడుము మీద చేతులు ఆనించుకుని గట్టు దిగి వచ్చింది. "దాన్ననకు. ఆయన నాకూ మద్దే చెప్పిండు" అంది. చెప్పి నీళ్ల వైపు చూసింది. నేనూ చూశాను. మడుగు అంచున తెల్లటి నురగ తిరుగుతోంది. నురగలో ఎండుటాకులు, పుల్లలు, ఇక్కడ ఎక్కడా లేని ఏవో ఎర్రటి పూలు. మేము కాళ్లు కడుక్కునే చిన్నబండ కనపడటం లేదు. ఎప్పుడు మునిగిందో నేను చూడనే లేదు. అమ్మ చచ్చిపోతుంది, నా వల్ల కాకపోయినా నా కళ్ల ముందే చచ్చిపోతుంది అని నాకు గట్టిగా అనిపించింది.

అప్పుడే అటొడ్డున అవ్వ కనపడింది. తట్ట చంకన పెట్టుకుని ఆకుకూరకో దేనికో వచ్చింది. మేమంతా అరిచాం. ఎగువ బండల్లో హోరు అప్పటికే పెరిగింది, ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వినపడటం లేదని తల అడ్డంగా ఊపింది. ఇటు నుంచి అందరూ ఒకేసారి చేతులు ఊపుతుంటే ఆమెకు ఇంకా అర్థం కాలేదు.

"మీరంతా ఆగండి!" అని అరిచాను. పెద్దవాళ్ల మీద అలా అరవడం నాకెలా వచ్చిందో తెలియదు. బండ కొసన నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు కొంకర్లు తిప్పి ఎండుచెట్టులా బిగుసుకుపోయాను. తర్వాత అటొడ్డుకు చెయ్యి చూపించి, ఏదీ అన్నట్టు చేతులు తిప్పాను. మళ్లీ చెట్టునయ్యాను. అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. పిచ్చిపిల్ల అనుకుని పోతుందేమోనని నేను ఎత్తిన చేతులు దించలేదు.

ఆమె పోలేదు. ఉన్నట్టుండి నోటి మీద చెయ్యి వేసుకుంది. తట్ట పట్టుకుని పొదల్లోకి దూరి, కొమ్మలు తప్పించుకుంటూ నడిచి, దేనిమీదికో ఎక్కి నిలబడింది. నిలబడి తట్టను రెండు చేతులా తలకంటే ఎత్తుగా ఎత్తి పట్టుకుంది. సరిగ్గా అక్కడ. మద్ది ఉన్న చోట.

"చిన్నాయనా, నీకు కుడిదిక్కు! ఇంకా! ఇంకా! ఆడ నల్లబడుతుంది చూడు, ఆడ!"

అతను మునిగాడు. తేలినప్పుడు చేతిలో రాయి ఉంది.

గట్టున ఆడవాళ్లంతా ఒక్కసారి కేక వేశారు. తర్వాత అన్నీ గబగబా జరిగాయి. చిన్నాయన మునిగి రాళ్లు బయటికి విసిరాడు. దోనె ముక్కుకు అడ్డతీగ తాడు కట్టి కొస ఇటు అందించాడు. అందరం పట్టుకుని లాగాం. నాయనమ్మ లాగింది, నేను లాగాను. వద్దు వద్దంటున్నా వినకుండా అమ్మ కూడా తాడు పట్టుకుంది. ఒళ్లంతా పాచితో దోనె తల ఎత్తింది. దానిలోంచి నీళ్లు తోడుతుంటే అడుగున ఒక పెద్ద కొర్రమీను తోక కొడుతోంది. అంత కంగారులోనూ చిన్నాయన "కిరాయి లేకుండా ఉన్నది సూడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ముగియకముందే ఎగువ నుంచి, గుట్ట జారుతున్నట్టు, గుమ్మని చప్పుడు వచ్చింది.

దోనెను గట్టు మీదికి ఈడ్చేసరికి మడుగులోకి కొత్తనీరు దిగింది. ఎర్రగా, చిక్కగా, విరిగిన కొమ్మలు దొర్లించుకుంటూ వచ్చింది. గేదెబండ మునిగింది. ఆకాశం మాత్రం నీలంగానే ఉంది.

అవ్వ ఇంకా అటొడ్డునే ఉంది. తట్ట దించేసింది గానీ పోలేదు. ఆమె దేనికోసం చూస్తోందో మాకు తర్వాత తెలిసింది. అమ్మ తాడు వదిలేసి అక్కడే కూలబడి, పొట్ట పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ దూరం నుంచి అవ్వ మాకంటే ముందే చూసింది.

"ఇంకా నెల ఉందిగా" అంది నాయనమ్మ. ఆ మాట ఎవరితో అందో, ఏటితోనే అందో. తర్వాత చిన్నాయన వైపు తిరిగింది. కొత్తనీటిలో తొలిరోజే దోనె దింపినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. ఆమె కొడుకు ముఖం నిమిరింది గానీ పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. చిన్నాయన ఆ ఒక్కసారి ఏ తమాషా మాటా అనలేదు. దోనెను గట్టు వెంట చాలా దూరం ఎగువకు లాక్కుపోయి, అక్కడ నీళ్లలోకి తోసి ఎక్కాడు.

నేను మెరక మీది రాయెక్కి చూశాను. దోనె కనపడింది. కనపడలేదు. ఒక మాను దొర్లుకుంటూ దాని మీదికే పోయింది. నాయనమ్మ నా భుజం పట్టుకుంది, ఆ గోళ్ల గాట్లు చాలా రోజులు ఉన్నాయి. మళ్లీ కనపడేసరికి దోనె అటొడ్డు పొదల్లో ఉంది. అవ్వ ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె తట్ట ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, దోనె నడుమ కూర్చుంది. దిగాక కూడా కాసేపు కళ్లు తెరవలేదు.

"వచ్చినమా?" అని అడిగింది. తన దోర్లీ భాషలో ఏదో అనుకుంటూ తిన్నగా ఇంట్లోకి పోయింది.

దీపాలు పెట్టే వేళ దాకా మేము వాకిట్లో కూర్చున్నాం. లోపలి నుంచి ఏమీ వినపడలేదు. ఏటి హోరు తప్ప ఇంకేమీ లేదు ఆ సాయంత్రం. బిడ్డ ఏడిస్తే వినపడుతుందని నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. వినపడలేదు. ఎంతసేపటికీ వినపడలేదు. చిన్నాయన తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అప్పుడు తలుపు తోసుకుని నాయనమ్మ బయటికి వచ్చి, మాకు వినపడాలని గొంతెత్తి అరిచింది.

"ఏడ్చిండు! ఏడ్చిండురా!"

నెల ముందు పుట్టిన పిల్లవాడి ఏడుపు ఏటి హోరులో గుమ్మం కూడా దాటలేదు.

దోనెలో దొరికిన కొర్రమీనును నాయనమ్మ చింతపండు పులుసు పెట్టింది. అవ్వ వేళ్లు నాకుతూ తింది. ఏరు తగ్గే దాకా మా ఇంట్లోనే ఉండిపోయింది. మద్ది సంగతి అప్పుడు బయటపడింది. బాలింతలకు నీళ్లు కాచడానికి కట్టెల కోసం అవ్వే తన కొడుకుల చేత దాన్ని కొట్టించింది. అది మా దోనె గుర్తని ఆమెకేం తెలుసు?

"మా గుర్తును తీసుకపోయి పొయ్యిల పెట్టినవా వదినా?" అని నాయనమ్మ దెప్పింది.

"అందుకే కదా, నేనే పోయి మద్దినైన" అంది అవ్వ బోసినోటితో నవ్వుతూ.

కూలి డబ్బులు తెమలక నాయన చాలా రోజులకు గానీ రాలేదు. ఊరి వెనక వాగు పొంగడంతో అవతలి ఒడ్డునే ఆగిపోయాడు. భుజం మీద మూట, ముఖం నిండా గడ్డం. అమ్మ ఎలా ఉందని అడగడానికి ఆయనకు నోరు రాలేదనుకుంటాను. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది ఒకటే.

"దోనె లేచిందా?"

"లేచింది నాయనా! తమ్ముడు పుట్టిండు!" అని నేను అరిచాను. ఆయన వాగు ఒడ్డున బురదలోనే కూర్చుండిపోయాడు.

ఆ మరుసటి ఏడు అవ్వ మద్దిమొద్దు పక్కనే ఒక ఇప్పమొక్క నాటింది, మా తమ్ముడి పేరు మీద. అది పెరిగి మాకు గుర్తయింది. నాయనకు వయసు మీద పడ్డాక దోనెను ముంచడం, లేపడం తమ్ముడి పనయింది. నేను పెళ్లయి ఈ కొండ మీదికి వచ్చేశాను. అవ్వ పోయింది, నాయనమ్మ పోయింది. తర్వాత ఒక ఎండాకాలం మా ఊరూ చెదిరిపోయింది. అడవిలో రెండు వైపుల తుపాకుల మధ్య ఊళ్లు నలిగిన రోజులవి, ఈ వైపు వాళ్లకు అంతకంటే చెప్పనక్కరలేదు. చేతికి అందింది పట్టుకుని సరిహద్దు దాటి పోయినవాళ్లు మళ్లీ రాలేదు. దోనె అప్పుడు మడుగులో పడుకునే ఉంది. నాయన చివరి రోజుల్లో భద్రాచలం దగ్గర తమ్ముడి గుడిసెలో మంచం మీద ఉండి, చినుకు చప్పుడు వినపడితే చాలు, అదే మాట అడిగేవాడు. తమ్ముడు "లేపిన నాయనా" అనేవాడు.

నిన్న తొలివాన పడ్డాక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇద్దరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. ఎవరో ఏటి వీడియో పంపారట. దాన్ని ఆపి ఆపి చూశాడట.

"ఇప్పచెట్టు ఉన్నదక్కా. పెద్దదైంది. మన ఊరు దిక్కే ఏం లేదు. ఇండ్లు లేవు, దారి లేదు."

నేను ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను.

"దోనె ఉంటదంటవా అక్కా?"

ఇసుక కప్పేసి ఉంటుంది, లేకపోతే ఏ బండ కిందో ముక్కలై ఉంటుంది. నాకు తెలుసు. వాడికీ తెలుసు. కానీ వాడు నాయనకు చెప్పిన అబద్ధం లాంటిదే నా నోటికీ వచ్చింది.

"ఉంటది. నీళ్లలో ఉన్నంతకాలం అది చీలదు."

"వచ్చే ఎండాకాలం పోదామా? నేను మునుగుత. నువ్వు బండ మీద నిలబడు."

వాడు పుట్టిన రోజు పొద్దున ఆ బండ మీద నిలబడ్డ పిల్లనే, నెరిసిన జుట్టుతో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. బయట ఎర్రనీళ్లు పారుతూనే ఉన్నాయి.

"రోహిణి దాటకముందే పోవాలెరా" అన్నాను. "ఆలస్యం చేయకు."